జనాభా లెక్కలో ఊరుంది, బస్సు లెక్కలో లేదు

చెరువుకట్ట

అందరికీ నమస్కారం. మా ఊరికి ఆగిపోయిన పల్లె వెలుగు బస్సును మళ్లీ వేయమని డిపో మేనేజరుకు అర్జీ రాస్తున్నాను. మొదటి వాక్యంలోనే చిక్కుపడ్డాను. ‘మా గ్రామ జనాభా’ అని రాసి, ఆ తర్వాత ఏ అంకె వేయాలో తెలియక కలం పక్కన పెట్టాను.

2011 జనగణనలో మా ఊరి వరుస వెతికి చూస్తే ఆరు వందల పైచిలుకు ఉంది. పంచాయతీ కార్యదర్శి ఎనిమిది వందలంటారు. ఓటర్ల జాబితాలో ఐదు వందల తొంభై పేర్లున్నాయి కానీ అందులో మా నాన్నగారి పేరు ఇంకా ఉంది, ఆయన పోయి నాలుగేళ్లయింది. సంక్రాంతికి వస్తే తొమ్మిది వందల మందిమి ఉంటాం. మామూలు రోజున దీపాలు పెట్టే వేళకు వీధిలో నిలబడి చూస్తే మూడు వందల మందైనా ఉన్నారా అని అనుమానం.

ఇంకో చిత్రం చెబుతాను. అదే జనగణనలో ఊళ్లలో ఏ వసతి ఉందో ఏది లేదో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. ఉంటే ఉందని రాస్తారు. లేకపోతే అది ఎంత దూరంలో ఉందో అక్షరంతో చెబుతారు. ఐదు కిలోమీటర్లలోపు అయితే ఏ, పది లోపు అయితే బీ, పది దాటితే సీ. మా ఊరికి బస్సు ‘ఉంది’ అని రాసి ఉంది. అబద్ధం కాదు, అప్పుడు ఉంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అది ఆగిపోయి ఎనిమిదేళ్లు. ఇప్పుడు అడ్డరోడ్డు దాకా దాదాపు నాలుగు కిలోమీటర్లు నడవాలి, లేదా ఆటో నిండేదాకా కూర్చోవాలి.

ఏ అంకె వేయమంటారు?

ఊసుపోక

పెద్దది వేయండి. అర్జీలో జనాభా, పెళ్లిచూపుల్లో జీతం తగ్గించి చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

పాత ఎన్యూమరేటర్

ఆ సలహా వినకండి. 1991, 2001, 2011 మూడు జనగణనల్లోనూ బడి నుంచి డ్యూటీ పడి ఇల్లిల్లూ తిరిగినవాణ్ణి. మీ ఐదు అంకెల్లో ఏదీ తప్పు కాదు. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు, అంతే.

2011లో మాకు ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా గడువు ఇచ్చారు. ఒక ఇంట్లో మామూలుగా ఉండేవాళ్లు ఆ ఇరవై రోజుల్లో ఏ కొంతకాలమైనా అక్కడ ఉంటే వాళ్లను ఆ ఇంట్లోనే రాయాలి. ఇరవై రోజులూ ఊళ్లో లేనివాళ్లను రాయకూడదు. వాళ్లు ఎక్కడ ఉంటే అక్కడి ఎన్యూమరేటర్ రాసుకోవాలి. రేషన్ కార్డు, ఓటు, పొలం పాసు పుస్తకం, ఏది చూపించినా సరే, మనిషి లేకపోతే లెక్క లేదు. ఫిబ్రవరి 28 అర్ధరాత్రి దాటి మార్చి 1 మొదలయ్యే క్షణానికి ఎంతమంది ఉన్నారన్నదే లెక్క. మధ్యలో పుట్టినవాళ్లనూ పోయినవాళ్లనూ సరిచేయడానికి మార్చి 1 నుంచి 5 దాకా మరో చుట్టు తిరిగేవాళ్లం.

నాకు పడిన బ్లాకులో ఒక వీధి మొత్తం తాళాలే. ఒక తాళానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దారం కట్టి వెళ్లారు. పక్కింటి ముసలమ్మ ‘వాళ్లు ఉగాదికి వస్తారు సారూ, రాసుకోండి, పాపం’ అని బతిమాలింది. రాయలేదు. నిబంధన ప్రకారం నేను చేసింది సరైనదే. అయినా ఆ వీధి గుర్తొచ్చినప్పుడల్లా కాస్త గుచ్చుకుంటుంది.

ఇంకొకటి, జనగణనలో ఊరంటే రెవెన్యూ గ్రామం. దానికి సర్వే చేసిన పొలిమేర ఉంటుంది. ఆ పొలిమేరలోని మజరాలు (శివారు పల్లెలు), తండాలు, గూడేలు అన్నీ కలిపి ఒకే వరుస. మనుషులు ఒక్కరూ లేని గ్రామాలకు కూడా వరుస ఉంటుంది, ఎదురుగా సున్నా. రాయలసీమలో వాటిని బేచిరాకు గ్రామాలంటారు, దీపం లేని ఊళ్లని అర్థం. కాబట్టి మీకు దొరికిన ఆరు వందలు అచ్చంగా మీ ఊరివేనా, పక్క మజరాతో కలిపా అన్నది ముందు చూసుకోండి.

పాలమూరు బిడ్డ

ఆ పసుపు తాళం మా ఇంటిదై ఉండవచ్చు సార్. కాదులెండి, జిల్లా వేరు. కథ మాత్రం అదే.

మా అమ్మానాన్నలు దసరా దాటాక పుణెకు కట్టడం పనికి వెళ్లి ఉగాదికి తిరిగి వచ్చేవాళ్లు. ఫిబ్రవరిలో మా తండాలో ముసలివాళ్లు, మేకలు, బడి పిల్లలు తప్ప ఎవరూ ఉండరు. 2011 ఫిబ్రవరిలో మావాళ్లు పదో అంతస్తు కట్టే భవనం కింద రేకుల షెడ్డులో ఉన్నారు. అక్కడ ఎవరైనా వచ్చి రాసుకున్నారా అని అమ్మను అడిగాను. ‘మా దగ్గరికి మేస్త్రీ తప్ప ఎవరూ రాలేదు’ అంది. అంటే ఇక్కడా లేరు, అక్కడా లేరు.

2018లో తెలంగాణలో ఐదు వందల జనాభా ఉన్న తండాలను పంచాయతీలు చేసినప్పుడు మాదీ పంచాయతీ అయింది. సర్పంచి ఉన్నారు, కార్యాలయానికి రంగు వేశారు. జనగణన పట్టికలో మాత్రం మాకు సొంత వరుస లేదు, పాత రెవెన్యూ గ్రామం కడుపులోనే ఉన్నాం. ఆ గ్రామానికి బస్సు ఉంది కాబట్టి పట్టిక ప్రకారం మాకూ ఉన్నట్టే. మధ్యలో వాగు ఉంది, వంతెన లేదు. పట్టికలో వాగుకు గడి ఉండదు కదా.

వచ్చే జనగణన 2027 మార్చి 1 నాటి లెక్క అని నోటిఫికేషన్ ఇచ్చారు. మళ్లీ ఫిబ్రవరే! మళ్లీ మా తండాలో ముసలివాళ్లు, మేకలు.

గ్రావెల్

పంచాయతీరాజ్ ఇంజినీరింగులో పని చేసి రిటైరయ్యాను. రోడ్డు విషయంలో లెక్క వేరుగా ఉంటుంది, అది చెబుతాను.

2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైనప్పుడు మైదాన ప్రాంతంలో ఐదు వందలు, గిరిజన, కొండ, ఎడారి ప్రాంతాల్లో రెండు వందల యాభై జనాభాను గీతగా పెట్టారు. ఆ జనాభాను 2001 లెక్కల ప్రకారం చూశారు. ఇక్కడ ముఖ్యమైన మాట ఏమిటంటే, ఆ గీత రెవెన్యూ గ్రామానికి కాదు, ఆవాసానికి. అంటే మజరా అయినా తండా అయినా తన జనాభాతో తానే నిలబడవచ్చు. అర కిలోమీటరు లోపు ఉన్న ఆవాసాల జనాభాను కలిపి చూపించే వీలు కూడా ఉంది. నాలుగు వందల ఎనభై మంది ఉన్న ఊరు ఇరవై మంది కోసం పక్క వాడను కలుపుకొని రోడ్డు తెచ్చుకున్న సందర్భాలు నాకు తెలుసు. ఆ ఆవాసాల జాబితా తయారయ్యే రోజున శ్రద్ధగా కూర్చున్న సర్పంచికి రోడ్డు వచ్చింది, పెళ్లికి వెళ్లిన సర్పంచికి రాలేదు. మాట కటువుగా ఉంటే క్షమించాలి.

2024 సెప్టెంబరులో నాలుగో దశకు ఆమోదం దొరికింది. ఇంకా రోడ్డు లేని 25,000 ఆవాసాలు, 62,500 కిలోమీటర్లు, 70,125 కోట్ల రూపాయలు. దీనికి 2011 జనాభా ఆధారం. పాలమూరు బిడ్డ గారూ, మీ తండా పేరు ఆ ఆవాసాల జాబితాలో ఉందో లేదో పంచాయతీరాజ్ ఇంజినీరు కార్యాలయంలో అడగండి, జనగణనలో వరుస లేదని ఊరుకోకండి.

ఇక చెరువుకట్ట గారి ఊరికి రోడ్డు ఉంది కదా? వెడల్పు ఎంత?

చెరువుకట్ట

ఉంది సార్, తారు రోడ్డే. వెడల్పు కొలవలేదు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఆటో దిగిపోవాలి.

గ్రావెల్

అయితే మూడు మీటర్ల డెబ్బై అయిదు ఉండాలి. వాహనాలు బాగా తక్కువ తిరిగే చోట మూడు మీటర్లే వేస్తారు. బస్సు పట్టడానికి అది చాలు, కానీ ఎదురు బండికి దారి ఇవ్వాలంటే అంచుల్లో మట్టి భుజం గట్టిగా ఉండాలి. వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు నిర్వహణ చూడాలి. ఆ ఐదేళ్లూ గడిచాక భుజాన్ని వాన కోసేస్తుంది, మిగిలింది సర్కారు తుమ్మ తినేస్తుంది. డ్రైవరుకు అద్దం పగులుతుందని భయం. ముందు వెళ్లి పొదలు ఎంత ముందుకు వచ్చాయో చూసి రండి. రోడ్డు ఉందని పుస్తకంలో ఉన్నంత మాత్రాన బస్సు రాదు.

కొండదారి

మీరు మూడు ముప్పావు మీటర్ల గురించి మాట్లాడుకుంటుంటే ముచ్చటగా ఉంది. మాది అల్లూరి జిల్లా ఏజెన్సీ. మా పిన్నిగారి ఊరు పదిహేడు ఇళ్లు. అక్కడ వెడల్పు అంటే ఇద్దరు మనుషులు ముందూ వెనకా నడిచే వెడల్పు, ఎందుకంటే డోలీ మోసేది ఇద్దరే. కర్రకు దుప్పటి కట్టి, అందులో నిండు గర్భిణిని కూర్చోబెట్టి, దిగువన 108 ఆగే చోటి దాకా తేవాలి. 108 మొదలైంది 2005లో. మా పిన్ని దాన్ని మొదటిసారి చూసింది మా చెల్లి పుట్టేటప్పుడు, అదీ దగ్గరికి నడిచి వెళ్లి.

రెండు వందల యాభై గీత మాకు అందదు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలకు వంద చేశారు, అదీ అందదు. 2023లో పీఎం జన్‌మన్ వచ్చి కొండరెడ్లు, చెంచులు లాంటి ఆదిమ తెగల ఆవాసాలకు కూడా వంద మంది ఉంటే చాలంది. పదిహేడు ఇళ్లలో వంద మంది ఎక్కడి నుంచి వస్తారు? దిగువకు వచ్చేయమంటారు. దిగువన పోడు లేదు, కాఫీ తోట లేదు, మిరియాల తీగ లేదు. ఊరు చిన్నదని రోడ్డు రాదు, రోడ్డు లేదని కుర్రవాళ్లు దిగిపోతారు, ఊరు ఇంకా చిన్నదవుతుంది.

రైట్ రైట్

ముప్పై ఒక్క సంవత్సరాలు టికెట్లు కొట్టాను. చెరువుకట్ట గారి ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. ఏ అంకె వేసినా ఒకటే. డిపోలో మీ ఊరి జనాభా ఎవరూ చూడరు.

చూసేది రెండు. కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చిందన్నది ఒకటి, దాన్ని ఈపీకే అంటాం. సీట్లు ఎంత నిండాయన్నది రెండోది, అది ఓఆర్. ఇక ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో వినండి. మా రోజుల్లో ఎస్‌ఆర్ అని పొడుగాటి కాగితం ఉండేది. ప్రతి స్టేజీ దాటగానే టికెట్ నంబర్లు అందులో ఎక్కించాలి. కదిలే బస్సులో, చంకలో సంచీ, చెవిలో పెన్నుతో. ఇప్పుడు టిమ్స్ అనే టికెట్ల మిషన్ ఆ పని చేస్తుంది. మనిషి ఏ స్టేజీలో ఎక్కాడో ఆ స్టేజీ పేరు మీద టికెట్టు పడుతుంది.

మీ ఊరి బస్సు చివరి రోజుల్లో ఏం జరిగి ఉంటుందో నేను ఇక్కడ కూర్చుని చెప్పగలను. అది ఒకరోజు వచ్చేది, ఒకరోజు రాదు. నమ్మకం పోయి మీవాళ్లు అడ్డరోడ్డుకు నడిచి వెళ్లి హైవే బస్సు ఎక్కడం మొదలుపెట్టి ఉంటారు. అలా ఎక్కిన ప్రతి ఒక్కరూ అడ్డరోడ్డు ఖాతాలో పడ్డారు. మీ ఊరి స్టేజీ సున్నా అయింది. రద్దు చేసిన అధికారి ఎదుట ఉన్న కాగితంలో మీ ఊళ్లో బస్సెక్కే మనిషే లేడు. జనాభా ఆరు వందలో తొమ్మిది వందలో, ఆయనకు కనిపించింది సున్నా.

నైట్ హాల్ట్ సంగతి కూడా చెప్పాలి. రాత్రి చివరి ట్రిప్పు మీ ఊరికి వచ్చి అక్కడే ఆగి, తెల్లవారగానే మొదటి ట్రిప్పుగా బయలుదేరుతుంది. లేకపోతే ఖాళీ బస్సును డిపో నుంచి తెచ్చుకోవాలి, ఆ డెడ్ కిలోమీటర్ల డీజిలు ఎవరూ ఇవ్వరు. నేను ఒక ఊళ్లో రామాలయం అరుగు మీద పదకొండు నెలలు పడుకున్నాను. ఎదురింటి పిల్లవాడు రోజూ గ్లాసెడు పాలు తెచ్చి, నేను తాగేదాకా నా టికెట్ పంచ్‌తో ఆకులకు చిల్లులు పొడుస్తూ కూర్చునేవాడు. ఒక వానాకాలం రాత్రి మా డ్రైవరును తేలు కుట్టింది. ఆ తర్వాత గది ఇస్తేనే హాల్టు అన్నాం. ఊరివాళ్లు పెద్దలతో మాట్లాడతామన్నారు, మాట్లాడుతూనే ఉన్నారు. ఆ సర్వీసు పోయింది. ఇప్పుడు మహిళా కండక్టర్లు చాలామంది ఉన్నారు. గది, మరుగుదొడ్డి లేని ఊళ్లో రాత్రి ఆగమని వాళ్లను ఏ ముఖంతో అడుగుతారు?

కందిచేను

రైట్ రైట్ గారి మాట చదివాక ఒకటి అర్థమైంది. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, బడి ఆరు కిలోమీటర్లు. మా ఊరి నుంచి ఐదుగురు ఆడపిల్లలు అడ్డరోడ్డుకు నడిచి వెళ్లి బస్సెక్కుతారు. తెల్లవారుజామున చలికాలంలో వెలుతురు ఉండదు, ఒక తల్లి టార్చిలైటుతో వెంట వెళ్తుంది. రోజుకు ఒకరి వంతు. శుక్రవారం నాది. అంటే ఐదుగురూ ఇన్నేళ్లుగా అడ్డరోడ్డు పిల్లలుగానే లెక్కలో ఉన్నారన్నమాట!

అడ్డరోడ్డులో ఇళ్లే లేవు. ఒక టీ కొట్టు, ఒక పంక్చరు షాపు.

రైట్ రైట్

అదేనమ్మా నేను చెప్పేది. ఇంకో మాట. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లె వెలుగులో ఉచితం. ఉచితమే కదా అని టికెట్టు తీసుకోకుండా కూర్చునేవాళ్లున్నారు. అలా చేయకండి. ఆ సున్నా టికెట్టు తీసుకుంటేనే మీరు ప్రయాణించినట్టు. ప్రభుత్వం సంస్థకు డబ్బు కట్టేది ఆ టికెట్ల లెక్క మీదే.

మూడు చక్రాలు

అందరూ బస్సు బస్సు అంటున్నారు, మమ్మల్ని కూడా కాస్త తలుచుకోండి. మా రూటులో బస్సు పోయాక పన్నెండేళ్లు ఆ నాలుగు ఊళ్లను తిప్పింది మా ఆటోలే. పర్మిట్ ప్రకారం ముగ్గురు, ఎక్కించేది తొమ్మిది మందిని, అది తప్పే. చట్టం ప్రకారం ఆటో అంటే మొత్తంగా కిరాయికి మాట్లాడుకునే బండి, తలకింత అని మధ్య మధ్యలో ఎక్కించుకుంటూ వెళ్లకూడదు. అదీ తెలుసు. కానీ ముగ్గురితో వెళ్తే డీజిలు ఖర్చు రాదు, వెళ్లకపోతే ఊరు కదలదు.

ఉచిత బస్సు వచ్చాక హైవే మీద మాకు పని సగం పోయింది. లోపలి ఊళ్లే దిక్కు. ఇప్పుడు అక్కడికీ బస్సు వస్తే పొద్దున నిండా ఎక్కే బేరం దానికి పోతుంది. మధ్యాహ్నం రెండింటికి ఒక్కడికి కడుపునొప్పి వస్తే మాత్రం నాకు ఫోను. ఆ ఒక్క బేరం కోసం నేను ఆటో ఉంచుకోగలనా? కోపంతో అనడం లేదు, లెక్క చెబుతున్నాను.

కందిచేను

అన్నయ్యా, మీ మాట నిజమే. కానీ మీ ఆటో నిండేదాకా పిల్లలు ఆగితే మొదటి పీరియడు పోతుంది. బడి వేళకు బస్సు, మిగతా వేళల్లో మీరు. రెండూ ఉండకూడదా?

మూడు చక్రాలు

ఉండవచ్చమ్మా. పొద్దున బేరం పోయినా మధ్యాహ్నం నన్ను నిలబెట్టేది ఏమిటో ఎవరైనా చెబితే.

ఊసుపోక

ఈ ప్రశ్నకు నా దగ్గర కూడా హాస్యం లేదు.

చెరువుకట్ట

ఆలస్యమైంది, మన్నించాలి. మూడు రోజులు పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా అడ్డరోడ్డు టీ కొట్టు దగ్గర నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డాను. మా ఊరి వైపు నుంచి వచ్చి బస్సెక్కినవాళ్లను మాత్రమే రాసుకున్నాను. సోమవారం ఇరవై ఏడు మంది. మంగళవారం సంత కాబట్టి అరవై మూడు. బుధవారం ఇరవై నాలుగు. పాలబండి వెనక కూర్చుని వెళ్లినవాళ్లను లెక్కలోకి తీసుకోలేదు. మంగళవారం ఒక పెద్దాయన ‘నన్ను కూడా రాశావా’ అని రెండుసార్లు అడిగి చూసుకుని మరీ ఎక్కాడు.

అర్జీలో జనాభా వాక్యం తీసేశాను. ‘మా గ్రామస్తులు ఫలానా మూడు తేదీల్లో ఫలానా స్టేజీలో ఎక్కిన టికెట్లు ఇన్ని’ అని మొదలుపెట్టి, మీ మిషన్ లెక్కతో సరిచూసుకోండని రాశాను. డిపోలో చదివి, ఇలా రాసుకొచ్చినవాళ్లు తక్కువ అన్నారు. హాల్టు ఇప్పుడే కుదరదట. బడి వేళకు పొద్దున, సాయంత్రం ఒక్కో ట్రిప్పు, సంత రోజున ఇంకొకటి ప్రయోగంగా చూస్తామన్నారు. రెండు షరతులు పెట్టారు. రోడ్డు పక్క పొదలు కొట్టించాలి, ఊళ్లో బస్సు వెనక్కి తిరిగే చోటు చూపించాలి. ఒకప్పుడు తిరిగిన చోట ఇప్పుడు నీళ్ల ట్యాంకు ఉంది.

మూడు చక్రాలు గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా ఊరి ఆటో అబ్బాయి కూడా అదే అడిగాడు.

గ్రావెల్

పొదల సంగతి పంచాయతీ తీర్మానంతో తేలుతుంది. తిరగడానికి ఎంత చోటు దొరుకుతుంది? ఒక్క దెబ్బలో తిరగకపోయినా ఫర్వాలేదు, వెనక్కి తీసి తిప్పుకునే వీలుంటే చాలు. నేల గట్టిగా ఉండాలి, వానకు దిగబడకూడదు.

చెరువుకట్ట

బడి పక్కన కళ్లం ఒకటి ఉంది, గట్టి నేల, వాన నిలవదు. అది మా మేనమామది. ఆదివారం వెళ్లి అడుగుతాను. ధాన్యం ఆరబోసిన వారం రోజులు బస్సు ఎక్కడ తిరుగుతుందిరా అంటాడు, అది ఇప్పుడే వినిపిస్తోంది.